కిటికీ పక్కన కూరమడి



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. పట్నంలో మూడో అంతస్తులో, రెండు గదుల వాటాలో ఉంటున్న ఒక చెల్లెలు ఇలా వ్రాశారు: "అక్కా, మాకు పెరడు లేదు. డాబా మీదికి ఇంటివాళ్ళు వెళ్ళనివ్వరు. ఉన్నదల్లా తూర్పువైపు కిటికీ ఒక్కటే. మా అత్తగారికి పెద్ద జబ్బుకు వైద్యం జరుగుతున్నది, బాగా నీరసించిపోయారు. మొలకలు, మొలక ఆకుకూర ఇంట్లోనే పెంచి పెట్టమని అందరూ చెబుతున్నారు. ఎలా పెంచాలి? ఆమెకు పెట్టవచ్చునా?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. పెంచడం సులువే, అది వివరంగా చెబుతాను. పెట్టవచ్చునా అన్నదానికి జవాబు చెప్పాలంటే ముందు మా ఇంట్లో జరిగిన సంగతి దాచకుండా చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం వానాకాలంలో పెసలు నానబెట్టి గుడ్డలో కట్టాను. ఏదో పనిలో పడి మరునాడు విప్పడం మరచిపోయాను. మూడోనాడు విప్పితే మొలకలు బాగా పొడవుగా వచ్చాయి గాని, కొద్దిగా జిగురు, కొద్దిగా వాసన. పారవేయడానికి మనసొప్పలేదు. రెండుసార్లు కడిగి, ఉప్పు, నిమ్మరసం కలిపి, సెలవులకు వచ్చిన మా మనవడికి పెట్టాను. ఆ రాత్రికే వాంతులు, విరేచనాలు. తెల్లవారేసరికి పిల్లవాడి కళ్ళు లోపలికి పోయాయి. రెండు సెలైన్ సీసాలు ఎక్కాక గాని తేరుకోలేదు. డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "నిన్న పచ్చివి ఏమైనా తిన్నాడా అమ్మా?" అని. తల ఎత్తి జవాబు చెప్పలేకపోయాను. బలానికని పెట్టింది నేనే కదా!

మొలకలలో చెడు ఎక్కడ ఉన్నది? గింజ మొలవడానికి తడి, వెచ్చదనం కావాలి. కంటికి కనిపించని క్రిములకు కూడా సరిగ్గా అవే కావాలి. గింజ పగుళ్ళలో నాలుగు క్రిములుంటే, మూసిన తడిగుడ్డలో రెండు రోజులకు లెక్కలేనన్ని అవుతాయి. పైన కడిగితే అవి పూర్తిగా పోవు. ఇది మన పల్లెటూళ్ళ సమస్య మాత్రమే కాదు. 1996లో జపాన్‌లోని సకాయ్ నగరంలో బడి భోజనం తిన్న వేలమంది పిల్లలు జబ్బుపడ్డారు. అనుమానం ముల్లంగి మొలకల మీదికి వెళ్ళింది. 2011లో జర్మనీలో ఈకోలై క్రిమి వలన 50 మందికి పైగా చనిపోయారు. దానికి కారణం పచ్చి మెంతి మొలకలని తేల్చారు.

అలాగని మొలకలను శత్రువులుగా చూడవద్దు. ఎండు శనగలో సి విటమిను దాదాపు ఉండదు. నానబెట్టి మొలకెత్తిస్తే గింజ తానే దానిని తయారుచేసుకొంటుంది. 1940 ప్రాంతంలో, ఇప్పటి హర్యానాలోని హిస్సార్ జిల్లాలో కరువు వచ్చి, పచ్చికూర అన్నది దొరకక, చిగుళ్ళు వాచి రక్తం కారే స్కర్వీ వ్యాధి వ్యాపించినప్పుడు మొలకెత్తిన శనగలనే మందుగా వాడారు. కనుక మేలు ఉన్నది, జాగ్రత్త కూడా ఉండాలి.

ఆ జాగ్రత్తకు ఒక మంచి దారి మొలక ఆకుకూర. అంటే గింజను తడిగుడ్డలోనే ఉంచి వేరుతో సహా తినడం కాకుండా, పలుచని మట్టిలో చల్లి, గాలి వెలుతురులలో రెండాకులు విచ్చుకొన్నాక, మట్టికి పైన కత్తిరించుకోవడం. గింజ, వేరు మట్టిలోనే ఉండిపోతాయి కనుక ప్రమాదం తగ్గుతుంది. బొత్తిగా లేదని మాత్రం అనుకోవద్దు.

పెంచే విధానం

మొదట మెంతులతో ప్రారంభించండి. అడుగున చిన్న రంధ్రాలు పెట్టిన వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా చాలు. కింద ఒక పళ్ళెం ఉంచండి. జల్లించిన మట్టి, తడిపి పిండిన కొబ్బరి పొట్టు సమంగా కలిపి రెండు వేళ్ళ మందం పరచండి. పచ్చి పేడ మాత్రం కలపవద్దు, అందులోనూ ఆ క్రిములే ఉంటాయి.

జానెడు వెడల్పు డబ్బాకు రెండు పెద్ద చెంచాల మెంతులు సరిపోతాయి. రాళ్ళు, విరిగిన గింజలు ఏరి, బాగా కడిగి, తాగే నీటిలో రాత్రంతా నానబెట్టండి. ఉదయం నీరు పారబోసి, మళ్ళీ కడిగి, శుభ్రమైన గుడ్డలో ఒక్క పగలు ఉంచితే ముక్కు పగులుతుంది. వాటిని ఒకదానిమీద ఒకటి పడకుండా మట్టిపై పరచి, పైన పలుచగా మట్టి చల్లి, ఒక పళ్ళెం బోర్లించండి. రెండు మూడు రోజులలో మొలకలు తల ఎత్తుతాయి. అప్పుడు మూత తీసి కిటికీ దగ్గర పెట్టండి. మొక్కలు వెలుతురువైపు వంగుతాయి కనుక రోజుకొకసారి డబ్బాను తిప్పండి. నీళ్ళు ఉదయం పూట చేతితో చిలకరిస్తే చాలు, పోయనక్కరలేదు. నిలువ నీరే కుళ్ళుకు మూలం.

పది పన్నెండు రోజులకు రెండు మూడు అంగుళాలు ఎదుగుతాయి. శుభ్రమైన కత్తెరతో మట్టికి పైన కోయండి. ఆవాలైతే నానబెట్టనక్కరలేదు, చల్లి తడిపితే వారం పది రోజులలో ఘాటైన కూర వస్తుంది. పెసలు వారానికే సిద్ధం. ధనియాలను చపాతీ కర్రతో రెండుగా చీల్చి వేయాలి, అవి మూడు వారాలు తీసుకొంటాయి. మెంతికి చల్లదనం ఇష్టం, నడివేసవిలో కుళ్ళిపోతుంది. అప్పుడు పెసలు వేసుకోండి. నాలుగు రోజులకొక డబ్బా చొప్పున మూడు డబ్బాలు వరుసగా వేస్తే కోత ఆగదు.

రెండో మూడో రోజున వేళ్ళ చుట్టూ తెల్లని నూగు కనిపిస్తే కంగారుపడవద్దు. నీళ్ళు చిలకరించగానే అణిగిపోతే అది వేరు నూగు. సాలెగూడులా మట్టి మీద అల్లుకొని, ముక్కవాసన వేస్తే బూజు. మొత్తం పారవేయండి. నాలాగా మనసొప్పకపోవడం వద్దు. గుప్పెడు మెంతుల ఖరీదెంత, ఒక సెలైన్ సీసా ఖరీదెంత?

వేయకూడనివి

వ్యవసాయ విత్తనాల దుకాణంలో గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగు పూసి అమ్మే గింజలు వాడవద్దు. అది పురుగు, తెగులు రాకుండా పట్టించిన మందు. మన పోపులడబ్బాలోని గింజలే మేలు. జొన్న మొలక తినవద్దు. లేత జొన్న పైరు మేస్తే పశువులు చనిపోతాయని మన రైతులకు తెలుసు. అందులో పుట్టే విషం మనుషులకూ విషమే. టమాటా, వంగ నారు కూడా తినేవి కావు. రాజ్మా పచ్చిగా తింటే, మొలకెత్తినా సరే, కడుపులో విషమే.

తినే విధానం

అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయం, అక్కడి వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు 25 రకాల లేత మొలక కూరలను పరీక్షించి, ముదురు ఆకుకంటె వీటిలో విటమినులు సాధారణంగా ఎక్కువ చిక్కగా ఉన్నాయని 2012లో ప్రకటించారు. అయితే ఒక డబ్బాకు వచ్చేది గుప్పెడో రెండు గుప్పెళ్ళో. అది తోటకూర కట్టకు బదులు కాదు, దానికి తోడు. బజారులో కూర కొనడం మానవద్దు.

కోసిన కూరను కడిగి, పెసరపప్పు దించే ముందు వేసి రెండు ఉడుకులు రానివ్వండి. జొన్నరొట్టె పిండిలో కలపవచ్చు, గుడ్డు పొరటులో వేయవచ్చు. వేడికి సి విటమిను కొంత పోతుంది కనుక తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి. ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టడానికీ అది సహాయం చేస్తుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది.

ఇక చెల్లెలి రెండో ప్రశ్న. పసిపిల్లలకు, గర్భవతులకు, వృద్ధులకు, పెద్ద వైద్యంలో ఉన్నవారికి మొలకలు గాని, మొలక కూర గాని పచ్చిగా పెట్టవద్దు. బాగా ఉడికించే పెట్టండి. మీ అత్తగారి విషయంలో అది కూడా డాక్టరుగారిని అడిగాకనే. కొన్ని జబ్బులలో ఆకుకూర కూడా కొలత ప్రకారమే తినాలి. ప్రేమతో పెట్టేది కదా, ఏమవుతుందిలే అనుకోకండి. నేను పెట్టిందీ ప్రేమతోనే.

మట్టి పని, నీళ్ళ పని మీరే చేయండి, ఆమె చేతికి మట్టి అంటనివ్వకండి. డబ్బాను మాత్రం ఆమెకు మంచం మీదనుండి కనిపించేచోట ఉంచండి. మంచం పట్టిన మనిషికి రోజులన్నీ ఒకేలా ఉంటాయి. నిన్న లేని ఆకు ఈరోజు కనిపిస్తే, రేపటికి ఎంత ఎదుగుతుందో చూడాలని అనిపిస్తుంది. పదకొండో రోజున, "ఇక కోయవచ్చునా అత్తయ్యా?" అని ఆమెనే అడగండి.

ఎలా వచ్చిందో మళ్ళీ వ్రాయండి, చెల్లీ. ఎదురుచూస్తుంటాను.