అర్థం, స్వాతంత్ర్యం, క్షేమం: జైనూర్ చెప్పే పాఠం

పురుషార్థాలలో అర్థానికి ధర్మం తరువాతి స్థానం. ఈ క్రమం యాదృచ్ఛికం కాదు. గృహస్థును ధనార్జన మానమని మన సంప్రదాయం ఆదేశించలేదు. ఆ ఆర్జన ధర్మబద్ధమై ఉండాలని నియమించింది.

అమెరికాకు చెందిన హెరిటేజ్ ఫౌండేషన్ 1995 నుంచి దేశాల ఆర్థిక స్వేచ్ఛను గణిస్తున్నది. ఆస్తిహక్కులు, న్యాయవ్యవస్థ, వాణిజ్య సౌలభ్యం మొదలైనవి అందులో కొలమానాలు. అగ్రశ్రేణిలో నిలిచే సింగపూర్, స్విట్జర్లాండ్ వంటి దేశాలలో తలసరి ఆదాయం, ఆయుర్దాయం కూడా అధికమే. కట్టడి ఎంత తగ్గితే క్షేమం అంత పెరుగుతుందని దీనినుంచి కొందరు నిర్ణయిస్తారు. ఇందులో సత్యాంశం ఉన్నది, పూర్ణసత్యం లేదు. లోపించిన అంశం ఏమిటో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని జైనూర్ ప్రాంత చరిత్ర చూపుతుంది.

నిజాం పాలనలో ఇక్కడి గోండులలో అనేకులకు తాము సాగు చేసిన నేలపై పట్టా లేదు. రిజర్వు అడవుల పేరిట కొన్ని గ్రామాలను ఖాళీ చేయించారు. మైదానాలనుంచి వచ్చినవారు పట్టాలు పొందారు. పత్తి పండించిన గోండు రైతు, ముందే అప్పిచ్చిన షావుకారుకే, అతడు చెప్పిన ధరకే దానిని అమ్మవలసి వచ్చేది. క్రయవిక్రయాలను ఎవరూ నిషేధించలేదు. కాని రైతుకు స్వేచ్ఛ లేదు.

1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీం నేలకొరిగిన తరువాత, తిరుగుబాటుకు కారణాలను పరిశీలించేందుకు నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను నియోగించింది. ఆయన జైనూర్ సమీపంలోని మార్లవాయిలో నివసించాడు. ఆ దశకంలోనే గోండీ భాషలో చదువు మొదలైంది. వేలాది ఆదివాసులకు పట్టాలు లభించాయి. అనంతరం 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో చేసిన సవరణ, షెడ్యూల్డ్ ప్రాంతాలలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా నిషేధించింది.

ఇక్కడ పూర్వపక్షం బలమైనదే. ఇష్టమైనవారికి అమ్ముకోలేని ఆస్తి ఆస్తి అవుతుందా? కొనేవారు తగ్గితే ధర తగ్గుతుంది. ఆ నష్టాన్ని భరించేది గోండు రైతే కదా?

నష్టం ఉన్నమాట నిజమే. అయితే స్వతంత్రుడంటే తన తంత్రం తన చేతిలో ఉన్నవాడు. అప్పుల ఒత్తిడిలో వేలిముద్ర వేసేవాని తంత్రం అప్పిచ్చినవాని చేతిలో ఉంటుంది. అటువంటి విక్రయం ఆకృతిలో స్వేచ్ఛ, తత్త్వంలో బంధం. కౌటిల్యుడు అర్థశాస్త్రం చివర మనుష్యుల జీవనాధారాన్ని, వారు నివసించే భూమిని అర్థంగా నిర్వచించాడు. ఆ రెండూ ఒకేసారి పోగొట్టే స్వేచ్ఛ అర్థసాధనం కాజాలదు.

అయినా కంచె పైరును కాపాడుతుందే గాని పండించదు. సకాలంలో బ్యాంకు రుణం, న్యాయమైన తూకం, దారి, బడి, వైద్యం లేకపోతే, పట్టా చేతిలో ఉన్న రైతు కూడా మళ్లీ షావుకారు గడపే తొక్కుతాడు. చట్టం భూమిని నిలిపింది. రైతును నిలపడం ఇంకా మిగిలిన కర్తవ్యం.

కనుక ఆర్థిక స్వేచ్ఛకు నిజమైన పరీక్ష ఒకటే: అందరికంటె దుర్బలుడు అన్యాయమైన బేరానికి “వద్దు” అనగలడా? అనగలిగిన చోట విపణి ధర్మక్షేత్రం. అనలేని చోట ఎంత సంపద పోగుపడినా అది అర్థం కాదు, అనర్థమే. సాధకుడు తాను కొనే ధరలోనూ, ఇచ్చే అప్పులోనూ ముందుగా ఈ ప్రశ్న వేసుకోవాలి.