మచ్చ మాపుటకు వెల యెవరిది?

సంగారెడ్డి పట్టణమున 1796వ సంవత్సరమున నిర్మింపబడిన పురాతన కారాగారము 2016లో ప్రదర్శనశాలగా మార్పబడినది. కారాగృహవాస మెట్లుండునో చవిచూడగోరు సందర్శకులు 500 రూపాయలు చెల్లించి, యొక దినము ఖైదీవలె లోపల గడపి, మరునాడు నవ్వుచు నింటికి బోవు నేర్పాటును నాడు జైళ్ళశాఖవారు గావించిరి. ఆ వేడుక వలన నెవ్వరి పేరను ఏ మచ్చయు నిలువదు. కాని యదే జిల్లాలో నిజముగా ఠాణాకు బోయి, నిజముగా బోను నెక్కి, తుదకు నిర్దోషియని న్యాయస్థానముచేతనే విడువబడిన కూలివాని పేర మాత్రము మచ్చ మిగిలియే యుండును. దానిని మాపుకొనుటకు వానికి 500 రూపాయలు చాలవు. ఈ వ్యత్యాసమును గూర్చియే నేడు మా చదువరులకు విన్నవింపదలచితిమి.

జిన్నారము సీమ యొకప్పుడు చెరువులను, పొలములను నమ్ముకొనిన పల్లెసీమ. బొల్లారము, గడ్డపోతారము, ఖాజీపల్లి, బొంతపల్లి ప్రాంతములలో ఔషధ రసాయన కర్మాగారములు వెలసిన పిమ్మట, అది పటాన్‌చెరువు పారిశ్రామిక వాడతో గలిసి, మెదకు పల్లెల వారికే గాక బీహారు, ఒడిషా రాష్ట్రముల నుండి వచ్చిన శ్రమజీవులకును అన్నము పెట్టు తావైనది. ఇచ్చట పని దొరకుటకు చేతులలో సత్తువ యుండిన చాలదు. కాగితమున పేరు శుభ్రముగా నుండవలెను. కర్మాగారమున కాపలా పనికి గుదురువారి పూర్వోత్తరములను విచారింపవలెనని 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల చట్టమే విధించినది. తక్కిన కొలువులకును పోలీసు ధ్రువపత్రము నడుగు కంట్రాక్టరులు తక్కువ గారు. గల్ఫు దేశములకు బోవువాడు పాసుపోర్టు కార్యాలయమున 500 రూపాయలు కట్టి యట్టి పత్రమునే తెచ్చుకొనవలెను.

ఇట్టి పత్రము నడుగుట తప్పని మేము చెప్పము. రసాయనములు నిలువయుండు గిడ్డంగిని ఎవరికి బడిన వారికి అప్పగింపుమని యజమానిని నిర్బంధింపజాలము. మా ప్రశ్న వేరు. గట్టు తగాదాలోనో, తిరునాళ్ళ కొట్లాటలోనో, సమ్మెనాడు చేసిన నినాదముననో పేరు కేసులోని కెక్కి, పిదప కేసు కొట్టివేయబడిన వాని గతి యేమి? తీర్పు వెలువడినంత మాత్రమున ఠాణాలోని దాఖలా దానంతట నది మారదు. తీర్పు నకలునకు రుసుము కట్టవలెను. దానికై సంగారెడ్డి న్యాయస్థానమునకు తిరుగవలెను. వకీలును చూడవలెను. నకలు చేతబట్టుకొని ఠాణా మెట్లెక్కవలెను. ఇరుపక్షములు రాజీపడినను చట్టము రాజీకి సమ్మతింపని నేరమైనచో, కేసును రద్దుచేయించుకొనుటకు హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానము వరకు బోవలెను. ఇందు సర్కారు రుసుము స్వల్పమే. కాని తిరిగిన ప్రతిదినమును ఒక దినపు కూలి పోయినదే. దినకూలికి రుసుము వేరు, వెల వేరు.

కావున రుసుములను ఎత్తివేయుడని కోరు వాదము పుట్టినది. దానికి ఖజానా పక్షమున చెప్పబడు సమాధానమును చులకన చేయరాదు. దాఖలాలను వెదకువాడు, పోల్చిచూచువాడు, సంతకము చేయువాడు జీతము లేక పనిచేయరు. నేరమునకు దూరముగా బ్రతికినవాడు చెల్లించిన పన్నుతో, కేసులలో జిక్కిన వాని పేరును ఏల కడుగవలెనని వారడుగుదురు. ఈ వాదమునే కెనడా ప్రభుత్వము తు.చ. తప్పక యాచరణమున బెట్టి చూచినది. శిక్ష ననుభవించి సన్మార్గమున నడచుకొనుచున్నవారి నేరచరిత్రను మరుగుపరచుటకు 2010కి పూర్వ మచ్చట దరఖాస్తు రుసుము 50 డాలర్లు. ఆ యేట దానిని 150 చేసిరి. అగు వ్యయమంతయు దరఖాస్తుదారుడే భరింపవలెనని 2012లో 631 చేసిరి. దరఖాస్తులు తగ్గిపోయినవి. దశాబ్దము గడచిన పిదప, 2022 జనవరి 1 నుండి, మరల 50 డాలర్లకే దిగివచ్చిరి. సంపన్నదేశమునకు పదియేండ్లు పట్టిన యీ పాఠమును మనము ఉచితముగనే నేర్వవచ్చును.

ఏమా పాఠము? మచ్చ మాయని వాడు మాయమై పోడు. పత్రము లేనందున కర్మాగారపు గుమ్మమున త్రిప్పి పంపబడినవాడు మన పొరుగుననే యుండును. పత్ర మడుగని కంట్రాక్టరు క్రింద తక్కువ కూలికి, ప్రమాదకరమైన పనికి గుదురును. లేదా పని లేక అప్పులపాలగును. వాని బిడ్డ బడి మానును. ఈ నష్టము ఏ పద్దులోను వ్రాయబడదు గనుక లేనట్లే తోచును. రుసుము రూపమున ఖజానాకు జేరిన రూపాయి కంటికి కనబడును. రుసుము వలన పోయిన కూలి కనబడదు. ప్రజావ్యయము లెక్కించువారు కనబడని పద్దును గూడ లెక్కింపవలెనని మా మనవి.

అయినను రుసుము తొలగినంతనే సర్వము చక్కబడునని మేము భ్రమింపము. అమెరికా యందలి మిషిగన్ రాష్ట్రమున ఇద్దరు న్యాయశాస్త్ర పండితులు 2020లో ప్రకటించిన పరిశోధనను చూడుడు. నేరచరిత్రను తొలగించుకొన నర్హులైన వారిలో అయిదేండ్లలోపున ఆ ప్రయోజనమును పొందినవారు 100కు 7గురు కూడ లేరు. పొందినవారి సంపాదన ఏడాదిలో 100కు 20కి మించి పెరిగినది. పొందనివారిని ఆపినది రుసుమొక్కటియే కాదు. దరఖాస్తను ప్రహసన మంతయు నాపినది. తమకట్టి హక్కు గలదని యెరుగమి, పలుమారులు తిరుగవలసి వచ్చుట, అధికారిని చూచిన భయము, ఇవి రుసుము కంటె బలమైన గోడలు. ఇది గ్రహించియే యా రాష్ట్రము, అర్హులైన పలువురి విషయమున దరఖాస్తుతో నిమిత్తము లేక దాఖలా దానంతట మరుగుపడునట్లు చట్టము చేసికొని, 2023 ఏప్రిల్ నుండి అమలు జరుపుచున్నది.

ఇది మన దేశమునకు క్రొత్త సంగతి కాదు. 2015 నాటి బాలన్యాయ చట్టపు 24వ విభాగము ప్రకారము, చట్టముతో సంఘర్షించిన బాలుని దాఖలాలను, అప్పీలు గడువు ముగిసిన పిదప నాశనము చేయుమని బాలన్యాయ మండలియే ఆదేశింపవలెను. పదునారేండ్లు నిండి ఘోరనేరము చేసిన కొందరికి మాత్రమే మినహాయింపు. ఇందు బాలుడు రుసుము కట్టనక్కరలేదు. ఇక పెద్దలమాట: పూర్వము శిక్షపడని వాడు నిర్దోషిగా విడుదలయైనచో, వాని వ్రేలిముద్రలు మొదలగు కొలతల దాఖలాలు, న్యాయస్థానము వేరుగా నాదేశించిననే తప్ప, నాశనము గావలెనని 2022 నాటి గుర్తింపు చట్టమే పలుకుచున్నది. కాని యా చట్టము క్రింది నియమములు, నాశనము గోరువాడు నియమితాధికారికి విన్నపము చేసికొనవలెనని వ్రాసినవి. చట్టము హక్కుగా నిచ్చినదానిని నియమము యాచనగా మార్చినది! చదువురాని కార్మికుడు చట్టము చదివి, అధికారి నెరిగి, విన్నపము వ్రాయునా?

ఈ సందర్భమున మన చరిత్రను గూడ స్మరింపవలెను. 1871లో పరప్రభుత్వము చేసిన నేరస్థజాతుల చట్టము పుట్టుకనే నేరముగా నెంచినది. 1911 నాటి చట్టముతో మదరాసు రాజధానికిని ఆ యురి ప్రాకినది. స్టువర్టుపురము వంటి సెటిల్మెంటులు అట్లు వెలసినవే. కుటుంబములకు కుటుంబములు దాఖలా పుస్తకముల కెక్కినవి. ఆ మచ్చ వేయుటకు ఎవ్వరి నుండియు రుసుము వసూలు చేయలేదు. అది ప్రజల సొమ్ముతోనే జరిగినది. 1952 ఆగస్టు 31న ఆ చట్టము రద్దయ్యెను. అయినను దాని నీడ తొలగలేదు గనుకనే 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కారాగారముల దాఖలా పుస్తకములలో కులమును వ్రాయు గడిని తొలగింపుమని ఆదేశింపవలసి వచ్చినది. ఆ గడిని కొట్టివేయుటకు ఖైదీలు రుసుము చెల్లింపవలెనని ఎవ్వరైన ననగలరా? వేసినవారే తుడువవలెను. ఇది సామాన్య న్యాయము.

తెలంగాణ ప్రజలకు దీనికి మరింత సమీపమైన దృష్టాంతము గలదు. ప్రత్యేక రాష్ట్రోద్యమమున విద్యార్థులపైన, ఉద్యోగులపైన బనాయింపబడిన కేసులలో పెక్కింటిని ప్రభుత్వములే ఉపసంహరించుకొనినవి. అందులకగు వ్యయమును ఖజానాయే భరించినది. అది దండుగ యని యెవ్వరును అనలేదు. 2016లో సుప్రీంకోర్టు, పడుచుతనమున నినాదములు చేయుట వంటి స్వల్పనేరమును దాచినంత మాత్రమున ఉద్యోగార్థిని తిరస్కరింపనక్కరలేదని చెప్పినది. రాజకీయపు కేసునకు దొరకిన యీ ఔదార్యము బొల్లారపు కూలివాని చిల్లర కేసునకు దొరకకపోవుటకు కారణమేమి? వాని వెనుక జెండా లేకపోవుట తప్ప వేరొకటి మాకు గానరాదు.

హద్దు లుండవలదా? ఉండవలెను. స్త్రీలపైన, పసిబిడ్డలపైన ఘోరనేరములు చేసి శిక్షపడిన వాని చరిత్రను, వారి రక్షణకు నియుక్తులైన వారి నుండి దాచరాదు. మరల నేరము చేసినవానికి శిక్ష విధించునపుడు న్యాయమూర్తికి పూర్వవృత్తాంతము తెలియవలెను. మేము కోరునది సత్యమును కాల్చివేయుట గాదు. ముగిసిన కేసు గుమ్మమున నిలిచి కూడు పడగొట్టకుండ జూచుట.

మరియొక ప్రమాదమును గూడ దాచము. రుసుమును రద్దుచేసి గుమాస్తాను నియమింపనిచో, మిగులునది ఉచితసేవ గాదు, పొడవైన వరుస. వరుస పొడవైనకొలది చేయి తడుపుట పెరుగును. నాడు చలానాతో పోయినది నేడు బల్ల క్రిందుగా పోవును. కావున రుసుము నెత్తివేయు ఉత్తరువుతోబాటే, ఆ పనికై బడ్జెటులో ప్రత్యేకమగు పద్దు చూపవలెను. ఇంత వ్యయమగునని శాసనసభలో బహిరంగముగా చెప్పి మంజూరు పొందవలెను. ప్రజలు భరింపవలసిన వ్యయమే యిది. దానిని బీదవాని జేబులో దాచిపెట్టుట ఆదాయము గాదు, మోసము.

మా సూచనలు మూడు. మొదటిది: కేసు కొట్టివేయబడినను, రాజీపడినను, ఉపసంహరింపబడినను, తీర్పు ప్రతి న్యాయస్థానము నుండి నేరుగా ఠాణాకు జేరి, నియమిత కాలములో దాఖలా సవరింపబడవలెను, అందుకు దరఖాస్తును వలదు, రుసుమును వలదు. రెండవది: స్వల్పనేరములకు శిక్షపడి, కొన్నియేండ్లు సన్మార్గమున నడచినవారి కొరకు స్పష్టమైన చట్టము రావలెను. 1958 నాటి నేరస్థుల ప్రొబేషను చట్టపు 12వ విభాగము, ఆ చట్టము క్రింద విడువబడిన వారికి శిక్ష వలన గలుగు అనర్హతను తొలగించుచున్నది. ఆ బీజమును వృక్షము చేయవచ్చును. మూడవది నేడే చేయదగినది: 1987 నాటి న్యాయసేవల చట్టపు 12వ విభాగము ఉచిత న్యాయసహాయమునకు అర్హులైన వారిలో పారిశ్రామిక కార్మికుని పేర్కొనినది. ఆ సంగతి జిన్నారము, బొల్లారము కర్మాగారముల గుమ్మములపై తెలుగునను, హిందీలోను, ఒడియాలోను పెద్దయక్షరములతో వ్రాయింపవలెను. జిల్లా న్యాయసేవాధికారులు నెలకొక దినమైన నచ్చట పీఠము వేసికొని కూర్చుండవలెను.

న్యాయస్థానము నిర్దోషియని పలికిన మాట ప్రభుత్వము పలికిన మాటయే. ఒక కార్యాలయమున విడిచిన మనుష్యుని వేరొక కార్యాలయమున పట్టియుంచుటకు ప్రభుత్వమునకు హక్కు లేదు. ఆ రెండు కార్యాలయముల నడుమ త్రోవ వేయుటకగు ఖర్చు సర్కారుది; నడచి నడచి కాళ్ళరిగిన కూలివానిది కాదు.