విత్తనము మంచిదే, నేల ఏది?



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుండి వచ్చిన ఒక రైతు సోదరుడు నన్ను పక్కకు పిలిచాడు. కూతురు ఇంటర్మీడియట్ మంచి మార్కులతో పాసైంది. ఆయన చేతిలో ఇంజనీరింగ్ కాలేజీల జాబితా ఉంది. "అయ్యగారూ, పాపను పైనంబరు కాలేజీలోనే చేర్పించాలని ఉంది. ఒక ఎకరా అమ్మితే సరిపోతుంది. నంద్యాలలో అయితే బస్సులో పోయి రావచ్చు గానీ, నేను చూసిన కాలేజీ ఈ లిస్టులో లేదు. ఏం చేయమంటారు?" అన్నాడు. ఆయనకు ఉన్నదే మూడెకరాలు.

ఆ జాబితా ఎలా తయారవుతుందో ముందు తెలుసుకుందాము. కేంద్ర ప్రభుత్వము 2016లో ఎన్.ఐ.ఆర్.ఎఫ్. పేరుతో విద్యాసంస్థలకు ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 లెక్కలో ఇంజనీరింగ్ కాలేజీలకు నూటికి 30 మార్కులు బోధనకు, వసతులకు, 30 పరిశోధనకు, 20 విద్యార్థుల ఫలితాలకు, 10 స్త్రీలకు, పేదలకు, దూరప్రాంతాల వారికి ఇచ్చిన చోటుకు, 10 ఆ సంస్థకు ఉన్న పేరుకు. వివరాలలో ఎక్కువ భాగము కాలేజీలే పంపుతాయి. దరఖాస్తు పెట్టని కాలేజీ జాబితాలో కనబడదు. కనబడనంత మాత్రాన అది చెడ్డదని అర్థము కాదు.

పరిశోధన చేయదలచిన బిడ్డకు ఆ 30 మార్కులు ముఖ్యము. తెలుగు మీడియములో చదివి, ఇంగ్లీషు పాఠము అర్థముకాక బెదిరే బిడ్డకు, దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పే అధ్యాపకుడు ముఖ్యము. ఆ బిడ్డ కోసం తూకము మార్చితే వరుస కూడా మారిపోతుంది.

ఇది మనకు తెలియనిదా? నంద్యాల పరిశోధనా కేంద్రము ఇచ్చిన ఎన్.బి.ఇ.జి. 47 శనగ నిటారుగా పెరుగుతుంది, మిషనుతో కోసుకోవచ్చు. మంచి విత్తనమే. అంతమాత్రాన కె.సి. కాలువ కింద నీళ్లు నిలిచే వరిమడిలో చల్లుతామా? "ఏది గొప్ప విత్తనము?" అని రైతు అడగడు. "నా చేనికి ఏది?" అని అడుగుతాడు. బిడ్డల విషయములో మాత్రము ఆ తెలివిని గట్టుమీద పెట్టి వస్తాము.

ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. మా పెద్దవాడిని పేరు చూసి దూరపు కాలేజీలో చేర్చాను. ఆరు నెలలకు చిక్కి సగమై తిరిగి వచ్చాడు. అదే గదిలో ఉన్న అబ్బాయి అక్కడే చక్కగా చదువుకున్నాడు. కాలేజీ ఒక్కటే, పిల్లలు ఇద్దరు. సౌలు కవచము మంచిదే, దావీదుకు మాత్రము అది కుదరలేదు.

ర్యాంకు పనికిరాదని నేను అనను. అది జల్లెడ వంటిది, రాళ్లను ఏరవచ్చు. ఆ తరువాత మీరే విచారించాలి. ఎన్.ఐ.ఆర్.ఎఫ్.లో పాల్గొన్న కాలేజీలు తమ వివరాలను వెబ్‌సైటులో పెడతాయి. మీ సంఘములోని యౌవనస్థులను చూపించమనండి. ఎందరు చేరారు, ఎందరు సకాలములో పాసయ్యారు, ఎందరికి ఉద్యోగము వచ్చింది, వారిలో నడిమివాని జీతమెంత? పెద్ద జీతము వచ్చిన ఒక్కని ఫోటో చూసి మోసపోవద్దు. అక్కడ చదువుతున్న ఇద్దరు పిల్లలతో మాట్లాడండి. అప్పు ఎన్నేళ్లకు తీరుతుందో కాగితముమీద రాసుకోండి.

ఇవన్నీ ఆ సోదరునికి చెప్పి, పక్కనే తల వంచుకొని నిలబడిన పాపను అడిగాను: "అమ్మా, నీకు ఏమి చదవాలని ఉంది?" చాలాసేపటికి నోరు విప్పింది. "లెక్కల టీచర్ కావాలని ఉంది అయ్యగారూ."

తండ్రి చేతిలో ఉన్నది ఇంజనీరింగ్ జాబితా! ఇంట్లో ఇన్నాళ్లూ ఎవరూ ఆమెను అడగలేదు.

వారు ఇంకా తేల్చుకోలేదు. ఎకరా మాత్రము ఇంకా అమ్మలేదు. ఈ వేసవిలో మీ ఇంట కూడా అలాంటి కాగితము ఉంటే, దానిని కాసేపు మడిచిపెట్టి, ముందు మీ బిడ్డను అడగండి.