లోన్ శాంక్షన్ అయితే దేవుడు సరే అన్నట్టేనా?



ఈమధ్య ఆదివారం సాక్ష్యాల సమయంలో ఒకే మాట పదేపదే వింటున్నాం. "అయ్యగారూ, మాకు అర్హత లేదు. అయినా దేవుడు కారు లోన్ శాంక్షన్ చేయించాడు. ఆయనకే మహిమ!" సంఘమంతా స్తోత్రం అంటుంది. ఆరాధన ముగిశాక రిబ్బన్ కట్టిన కారు మందిరం ముందు నిలబడుతుంది. మేము బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థిస్తాం. వెనక అద్దం మీద "గాడ్స్ గిఫ్ట్" అని ఉంటుంది. ఆర్సీ కార్డులో మాత్రం హైపోథికేషన్ దగ్గర బ్యాంకు పేరు ఉంటుంది.

ఈ వారం కొంచెం కఠినంగా రాస్తున్నాం, కోపగించుకోవద్దు. ముందు మా తప్పు ఒప్పుకొని మొదలుపెడతాం.

2023 వేసవిలో ఒక కుటుంబం కారుకు అలాగే ప్రార్థన చేశాం. తండ్రిది కౌలు సేద్యం. కొడుక్కి విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం, జీతం 28 వేలు. లోన్ 8 లక్షలు, వడ్డీ 9.5 శాతం, ఏడేళ్లు. నెలకు ఈఎంఐ 13 వేల పైచిలుకు. జీతంలో సగం లోపే కాబట్టి బ్యాంకు లెక్కలో అతను అర్హుడే. అయితే డౌన్ పేమెంట్ 2 లక్షలు ఊళ్లో ప్రామిసరీ నోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఆ నోటు ఏ కంప్యూటర్లోనూ కనబడదు. దాని వడ్డీ నెలకు 4 వేలు, పెట్రోలు 3 వేలు. అన్నీ పోగా ఐదుగురున్న ఇంటికి మిగిలింది 8 వేలు. పంట చేతికొస్తే నోటు తీర్చేద్దాం అనుకున్నారు. ఆ డిసెంబరులో మిగ్‌జాం తుపాను కోతకొచ్చిన వరిని నేలకు పడుకోబెట్టింది. ఏడాది తిరిగేసరికి మనుషులొచ్చి కారు పట్టుకుపోయారు.

కారు పోయినందుకు కాదు మా దుఃఖం. ఆ తల్లి మందిరానికి రావడం మానేసింది. "అందరి ముందూ సాక్ష్యం చెప్పాను కదయ్యగారూ, ఏ ముఖం పెట్టుకొని రాను?" అంది. ఆ సాక్ష్యానికి గట్టిగా హల్లెలూయా పలికింది మేమే. ఒక్క లెక్క అడగనిదీ మేమే.

ప్రియులారా, బ్యాంకు అడిగే ప్రశ్న వేరు, మనం వేసుకోవలసిన ప్రశ్న వేరు. "మా డబ్బు మాకు తిరిగొస్తుందా?" అని బ్యాంకు చూసుకుంటుంది. రాకపోతే కారు తీసుకెళ్తుంది. "ఇది కట్టాక ఈ ఇంట్లో పిల్లల ఫీజు, అమ్మ మందులు, పొయ్యి మీద కూర ఉంటాయా?" అన్నది బ్యాంకు పని కాదు. సిబిల్ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. 750 దాటితే లోన్లు ఇచ్చేవాళ్లు సంతోషిస్తారు. ఇంతవరకు మనం అప్పులు సరిగా కట్టామని ఆ అంకె చెబుతుంది. రేపటి పంట సంగతి దానికేం తెలుసు?

ఇచ్చేవాడు సిద్ధంగా ఉన్నాడంటే తీర్చే శక్తి మనకుందని కాదు. మన కృష్ణా జిల్లా ఈ పాఠం ఒకసారి నేర్చుకుంది. 2006లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్లు హద్దు మీరితే అధికారులు ఈ జిల్లాలోనే సుమారు 50 శాఖలు మూయించారు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సే తేవలసి వచ్చింది. ఆ అప్పులు కూడా ఇంటి గుమ్మం దాకా వచ్చి ఇచ్చినవే.

డెల్టాలో మనకు ఇంకో చిక్కుంది. వరి డబ్బు సంక్రాంతి ముందూ వెనకా వస్తుంది, మినుము డబ్బు వేసవి మొదట్లో. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా అదే తేదీకి అడుగుతుంది. ట్రాక్టరు లోనుకు పంటను బట్టి ఆర్నెల్లకో ఏడాదికో వాయిదా పెడతారు. కారుకు సాధారణంగా అలా కుదరదు.

"పెళ్లిళ్ల సీజన్లో కిరాయికి తిప్పితే ఈఎంఐ అదే వచ్చేస్తుంది" అంటారు కొందరు తమ్ముళ్లు. తెల్ల బోర్డు కారును కిరాయికి తిప్పడం చట్టానికి విరుద్ధం. ఆ సమయంలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు చేతులెత్తేయగలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు చూశాం కదా, ఎన్ని కార్లు బురదలో కూర్చున్నాయో. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మన కారుకు పైసా రాదు. పూర్తి పాలసీ ఉన్నా, నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజన్ పాడైతే దానికి విడిగా కవర్ లేనప్పుడు సాధారణంగా చెల్లించరు. కారు షెడ్డులో ఉన్నా ఈఎంఐ ఆగదు.

ఇక కాగితాల సంగతి. మేము నాలుగు ఊళ్లకు బైకు మీద తిరుగుతున్నామని సంఘ పెద్దలు జాలిపడి కారు మాట ఎత్తారు. మాకు పే స్లిప్పు లేదు. ఒక ఏజెంటు, "మూడేళ్ల ఐటీ రిటర్నులు పెట్టించేద్దాం అయ్యగారూ, అందరూ చేసేదే" అన్నాడు. సిగ్గుతో చెబుతున్నాం, ఆ మాటకు వెంటనే కాదనలేదు. రెండు రాత్రులు ఆలోచించాం. మూడో రోజు మా అమ్మగారు అడిగింది, "రాని ఆదాయం వచ్చిందని సంతకం పెట్టి, ఆదివారం అననీయ సప్పీరాల మీద ఎలా ప్రసంగిస్తారు?" అని. అక్కడితో ఆపేశాం. అబద్ధపు కాగితంతో తెచ్చుకున్న అర్హతకు దేవుని పేరు పెట్టవద్దు. ఆ పేరు మనది కాదు.

కారు పాపమని మేము అనడం లేదు. వానాకాలం రాత్రి పెద్దవాళ్లను విజయవాడ ఆస్పత్రికి తీసుకెళ్లవలసిన ఇల్లు మన సంఘంలోనే ఉంది. అలాంటి అవసరం ఉన్నవాళ్లు లూకా సువార్త 14లో గోపురం కట్టబోయే మనిషిని తలుచుకోండి. ముందు కూర్చొని ఖర్చు లెక్క చూసుకోమన్నాడు ప్రభువు. లెక్క చూడడం అవిశ్వాసం కాదు, విధేయత.

ఒక పరీక్ష చెబుతాం. కారు కొనకముందే ఆరు నెలలు ఈఎంఐతో పాటు పెట్రోలు, ఇన్సూరెన్సు, సర్వీసు డబ్బు కూడా ప్రతి నెలా 5వ తేదీన పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పక్కన వేయండి. చేతిలో డబ్బాడని ఆగస్టు, సెప్టెంబరు నెలలు అందులో తప్పకుండా ఉండాలి. అప్పు చేయకుండా, కానుక ఆపకుండా ఆరు నెలలూ వేయగలిగితే మీరు భరించగలరు. ఆ సొమ్మే డౌన్ పేమెంటవుతుంది. మూడో నెలలో చెయ్యి ఆగిపోతే, కారు పోకుండానే జవాబు దొరికినట్టు.

సంతకానికి ముందు "కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్" అడగండి. 2024 అక్టోబరు నుంచి అది మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. "ఫ్లాట్ 7 శాతమే" అంటే మోసపోవద్దు. ఐదేళ్లకు అది అసలు లెక్కలో 12.5 శాతం దగ్గర పడుతుంది. పై కుటుంబం అదే 8 లక్షలు ఐదేళ్లలో కడితే వడ్డీ 2 లక్షల 8 వేలు, ఏడేళ్లకైతే 3 లక్షలకు దగ్గర. నెలవారీ భారం తగ్గిందని చూపించే గడువే మొత్తం భారాన్ని పెంచుతుంది.

రెండవ రాజులు 4వ అధ్యాయంలో ఒక దైవజనుడు అప్పు మిగిల్చి చనిపోయాడు. అప్పులవాడు ఇద్దరు కొడుకుల కోసం వచ్చాడు. ఎలీషా ఆ విధవరాలికి ఇంకో అప్పు ఇప్పించలేదు. ఇంట్లో ఏముందో అడిగాడు. నూనె విస్తరించాక, ముందు అప్పు తీర్చి మిగిలినదానితో బ్రతకమన్నాడు. ఆ ఇంట అద్భుతం అప్పు తీరడంలో ముగిసింది.

కాబట్టి ఇకనుంచి మన సంఘంలో లోన్ శాంక్షన్‌ను అద్భుతంగా సాక్ష్యం చెప్పనివ్వం. కొత్త కారుకు క్షేమం కోసం ప్రార్థిస్తాం, అంతే. చివరి వాయిదా కట్టి, ఎన్‌ఓసీ తెచ్చి, ఆర్సీలో బ్యాంకు పేరు తీయించుకున్న రోజు మాకు చెప్పండి. ఆ రోజు కృతజ్ఞత కూడిక పెడదాం, భోజనాలు మందిరంలోనే.

ఆ తల్లి ఇది చదువుతుంటే ఒక్క మాట. అమ్మా, సిగ్గుపడవలసింది నువ్వు కాదు, మేము. వచ్చే ఆదివారం నీ చోటు అలాగే ఉంటుంది.

ప్రభువు సేవలో,
మీ కాపరి