విజిల్ ఎవరి చేతిలో?

అనంతపురం ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారని చెబితే చాలు, మన సమావేశాల్లో చప్పట్లు మోగుతాయి. ఆ చప్పట్లతోనే నాకు పేచీ.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని నేల ఇది. వేరుశెనగ ఎండితే తల్లిదండ్రులు బెంగుళూరు బస్సెక్కుతారు, ఇల్లు పెద్దపిల్ల మీద పడుతుంది. అలాంటిచోట 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆటస్థలాలు కట్టి ఆడపిల్లల ముందు బంతి పెట్టడం చిన్న విషయం కాదు. కాదనను. కానీ ఆ పిల్ల ఇరవై ఏళ్లకు ఎక్కడుంటుంది?

కిందటేడు ఒక పల్లెలో, తుమ్మచెట్ల పక్క మైదానంలో, నడిమధ్య నిలబడి ఆటంతా నడిపిస్తున్న పదో తరగతి పిల్లను చూశాను. ఎవరు ఎటు పరుగెత్తాలో కోచ్ కంటే ముందే అరిచి చెబుతోంది. ఏమవుతావమ్మా అని అడిగితే "కోచ్ అయితా మేడమ్" అంది. పక్కనున్న తల్లి నవ్వింది. "ఆడోళ్లు యాడన్నా కోచ్‌లయితారా?" ఆమెను తప్పుపట్టలేను. ఆమె ఎన్నడూ చూడలేదు.

అయ్యారు. మణిపూర్ ఒయినాం బెంబెం దేవి మిడ్‌ఫీల్డర్. చిన్నప్పుడు మగపేరు పెట్టుకుని మగపిల్లల జట్టులో ఆడింది. 1995లో, పదిహేనేళ్లకు, దేశం తరఫున దిగి 2016 దాకా ఆడింది. 2017లో తొలి ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్‌కు మేనేజర్, ఆ తర్వాత కోచ్. 2020లో పద్మశ్రీ వచ్చింది. నన్నడిగితే పద్మశ్రీ కంటే అసలు సంగతి మణిపూర్ పోలీసు శాఖలో ఆమెకున్న ఉద్యోగం. నెలజీతం ఉంది కాబట్టి ఆట నిలిచింది.

నెదర్లాండ్స్ సరీనా వీగ్‌మన్‌దీ ఇంచుమించు ఇదే దారి. ఆమే మిడ్‌ఫీల్డర్, పొట్టిజుట్టుతో మగపిల్లల్లో కలిసి ఆడిన పిల్లే, వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసింది. కోచ్‌గా మూడు యూరో కప్పులు గెలిచింది: 2017లో సొంత దేశానికి, 2022లో, 2025లో ఇంగ్లండుకు. అయినా 2023 మహిళల ప్రపంచ కప్‌లో 32 జట్లుంటే స్త్రీ కోచ్‌లు 12 మందే. 2025 జూలైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించినప్పుడూ ప్రధాన కోచ్ మగాయనే.

ఫెడరేషన్‌ను తిట్టడం తేలిక. మన సంగతేమిటి? బాలికల క్రీడల పేరిట మనం రాసే బడ్జెట్లలో బంతులుంటాయి, జెర్సీలుంటాయి, బ్యానరుంటుంది. కోచ్‌కు మాత్రం ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు గౌరవవేతనం. ఆ కోచ్ మగవాడే కావాలి. ఎందుకంటే సాయంత్రం చీకటి పడుతుంది, బండి నడపాలి, ఆడపిల్లను ఇంట్లో పంపరు. సంఘం మహిళలను రాత్రి మీటింగులకు రప్పించడానికి ఏ సాకులతో ఇరవై ఏళ్లు పోట్లాడామో ఆ సాకులనే ఇక్కడ తలూపి ఒప్పుకుంటున్నాం. "బాలికల్లో ఆత్మవిశ్వాసం పెరిగింది" అని నేనూ నివేదిక రాశాను ఒకప్పుడు. ఆ బాలికల్లో ఒక్కరైనా ఆటతో జీతం తీసుకున్నారా అని నన్నెవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

ముందు ఆడనివ్వండి, కోచ్‌ల సంగతి తర్వాత అనే మిత్రులున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. ఆ "తర్వాత" ఎవరికోసం? ఆడి మానేసిన అమ్మాయిలు ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు పన్నెండు నెలల జీతంతో కోచ్ పోస్టు పెట్టండి. లైసెన్సు కోర్సు ఫీజు, దారిఖర్చు, పసిబిడ్డ ఉంటే తోడు వచ్చే మనిషి ఖర్చు, అన్నీ బడ్జెట్‌లో రాయండి. బంతుల లెక్క తర్వాత చూసుకోవచ్చు.

వచ్చే ఏటి పథకాలు మనం మార్చిలోగా రాస్తాం. ఆ పిల్లకు సంక్రాంతికే సంబంధం చూస్తున్నారు.