పాతవస్తువు, క్రొత్త అప్పు

నెల్లూరు జిల్లా పశ్చిమభాగమున ఉదయగిరి కొండల చెంతనున్న మెట్టగ్రామములకు ప్రధానముగ వానయే ఆధారము. ఇచ్చటి సంసారికి పైకము ఏటికొకమారు, పంట చేతికి వచ్చినపుడు కనబడును; వ్యయము మాత్రము నెలనెలయు తప్పదు. ఆత్మకూరు, ఉదయగిరి పట్టణములందలి చిన్న యుద్యోగి, చిల్లర వర్తకుడు సైతము దాదాపు ఇదే స్థితిలో నున్నారు. ఇట్టి కుటుంబములు బీరువా, మంచము, కుట్టుమిషను, మోటారు సైకిలు మొదలగు వానిని కొనవలసివచ్చినపుడు, చేత పైకమున్నను లేకున్నను, క్రొత్తవియే కావలయునని పట్టుపట్టుచున్నవి. పైకము చాలనిచో అప్పు, అప్పు పుట్టనిచో వాయిదాలు. ఈ యలవాటు మన ప్రాంతమునకు చేయుచున్న నష్టమెట్టిదో విచారింపవలసిన సమయము వచ్చినదని మేము తలంచుచున్నాము.

ఒకే వీధిలోని రెండిండ్లను చూడుడు. ఒక యింట పిల్లలు పెద్దవారై దూరదేశములకు ఉద్యోగములకు పోయినారు. వారు చదువుకొన్న బల్ల, కూర్చున్న కుర్చీలు, గట్టి యినుప బీరువా ఒక మూలగదిలో దుమ్ము పట్టియున్నవి. కొంతకాలమునకు ఆ యింటివారు విసిగి, వీధిలో కేకవేయుచు పోవు పాతసామాను వానిని పిలిచి, ఇనుమునకు ఇనుపధర, కొయ్యకు కట్టెలధర కట్టించుకొని పంపివేయుదురు. ఎదురింటివారికి ఆ మాసముననే బల్లయు, బీరువాయు కావలసివచ్చినవి. వారు పట్టణమునకు పోయి, వడ్డీకి తెచ్చిన పైకముతో క్రొత్తవి కొని తెచ్చుకొందురు. మొదటివారు అమ్మజూపుటకు సిగ్గుపడిరి. రెండవవారు అడుగుటకు సిగ్గుపడిరి. ఈ రెండు సిగ్గుల నడుమ వీధిలోని ధనము వీధి దాటిపోయినది.

ఈ నష్టమును అంకెలలో చూచిన మరింత తేటపడును. ఒక గృహస్థుడు ఒక లక్ష రూపాయల వస్తువులను అప్పుచేసి కొన్నాడనుకొందము. మన పల్లెలలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అసాధారణము కాదు. ఆ లెక్కను నెలకు 2,000, ఏటికి 24,000, మూడేండ్లకు 72,000 రూపాయలు వడ్డీయే యగును. అసలు లక్షయు కదలక అట్లే నిలిచియుండును. అవే వస్తువులు కొంత వాడినవి 40,000 రూపాయలకు దొరకి, బాగుచేయుటకు మరి 8,000 ఖర్చయినదనుకొందము. పంటపైకములో ఆ మొత్తము తీరిపోవును. తరువాత రెండేండ్లు వానలు లేకపోయినను ఆ యింటి వాకిట అప్పులవాడు నిలువడు. అప్పుచేసి పప్పుకూడు తినరాదని నేర్పిన పెద్దల సంతతివారమైన మనము అప్పుచేసి అలంకారములు కొనుట ఏమి న్యాయము?

పరులు వాడినదానిని కొనుట మర్యాదకు లోపమని కొందరనుచున్నారు. ఈ వాదమునకు మన సంప్రదాయమున ఆధారము కనబడదు. గృహస్థుని యాస్తిలో ఘనమైనవేవి? భూమి, పశువు, బంగారము. భూమికంటె చేతులు మారిన వస్తువు లోకమున మరియొకటి లేదు. కొనునపుడు మనము పాతదస్తావేజులను వెనుకకు వెనుకకు వెదకి చూచి, ఎంత పాతకాలమునుండి హక్కు తేలియున్నచో అంత నమ్ముదుము. సంతలో కొన్న యెద్దు మరియొకని కాడి మోసినదే. మెడలోని నగ ఏ నగను కరగించి చేసినదో కంసాలికే తెలియదు. రాగి బిందెను, ఇత్తడి గంగాళమును పాతవని ఎవరును పారవేయరు. కళాయి వేయించి మరల వాడుకొందురు. ఇన్నిట లేని యవమానము ఒక్క బీరువాయందును, సైకిలునందును ఎట్లు వచ్చి చేరినది? ఇది మన పెద్దలనుండి వచ్చిన సిగ్గు కాదు. అంగళ్ల అద్దములు మనకు క్రొత్తగ నేర్పిన సిగ్గు.

గొప్ప పట్టణములవారు ఇట్టి సిగ్గును ఎన్నడో విడిచినారు. నెల్లూరు జిల్లా చెన్నరాజధానిలో చేరియున్న కాలమున మనవారు చెన్నపట్టణమునకు పోయినపుడు, సెంట్రల్ స్టేషను ప్రక్కనున్న మూర్ మార్కెట్టును చూడక వచ్చెడివారు అరుదు. 1900 ప్రాంతమున వెలసిన ఆ విపణి పాతపుస్తకములకును, పాతసామానులకును పేరుపొందినది. 1985లో అది అగ్నికి ఆహుతియైనను, ఆ వర్తకము చావలేదు. హైదరాబాదున గురువారమునాడు జరుగు జుమ్మెరాత్ బజారులో పాత పనిముట్లు మొదలు పాత తలుపులవరకు విక్రయమగుచుండును. ఆబిడ్సులో ఆదివారమునాడు కాలిబాటల ప్రక్కను, విజయవాడ లెనిన్ సెంటరులోను పాతపుస్తకములు కొని చదువుకొన్న తెలుగు విద్యార్థులు ఎందరో కలరు. సంపన్నమైన స్వీడను దేశమున ఎస్కిల్‌స్టూనా యను పట్టణములో, ప్రజలిచ్చిన పాతవస్తువులను వేరుపరచి, బాగుచేసి విక్రయించుటకే ఒక పెద్ద అంగళ్లసముదాయమును 2015లో ప్రారంభించిరి. వారికి లేని చిన్నతనము మనకేల?

పాతవస్తువులో మోసముండునను భయము మాత్రము సహేతుకమే. కాని మన రైతు ఈ భయమునకు మందెరిగినవాడే. ఎద్దును కొనునపుడు పండ్లు పట్టి చూచును, సుడులు చూచును, నడిపించును, కాడి కట్టి దున్నించి చూచి కాని బేరము ముగింపడు. ఆ నేర్పునే ఇచ్చటను చూపవలెను. కుట్టుమిషనును గుడ్డపై కుట్టించి చూడవలెను. పంకాను గడియసేపు త్రిప్పించవలెను. బీరువా అడుగున తుప్పును, మంచపు కోళ్లలో పురుగును వెదకవలెను. ఎరిగిన పనివానిని వెంట తీసికొనిపోయి, వానికి కూలి యిచ్చుట దుబారా కాదు. కొన్నింటిని మాత్రము ఎంత చౌకగ దొరకినను కొనరాదు: ఒకమారు దెబ్బతిన్న శిరస్త్రాణము లోపల చీలియున్నను పైకి కనబడదు, పాత గ్యాసుగొట్టము, తీగెలు బయటపడిన విద్యుత్పరికరము, రోగి వాడిన పరుపు ఇంటికి తేదగినవి కావు. ప్రాణముతో ముడిపడిన చోట పొదుపు పనికిరాదు.

మోటారు వాహనముల విషయమున మన ప్రాంతమునందలి నిర్లక్ష్యము మిక్కిలి యపాయకరము. పైకమిచ్చి, తాళపుచెవి పుచ్చుకొనుటతో బేరము ముగిసినదని పలువురు తలంచుచున్నారు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 50వ విభాగము ననుసరించి, రాష్ట్రములోనే రిజిస్టరైన వాహనమును అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా అధికారులకు తెలుపవలెను. బీమాపత్రమున పేరు మార్పునకు కొన్నవాడు 14 దినములలో దరఖాస్తు చేసికొనవలెను. వాహనముపై బ్యాంకు అప్పున్నచో, అది తీరినట్లు బ్యాంకు ఇచ్చు పత్రమును చూడక పైకమీయరాదు. పలుచేతులు మారినను రిజిస్టరులో మొదటివాని పేరే నిలిచియున్న ఒక కారు వలన కలిగిన ప్రమాద విషయమున, రిజిస్టరులో పేరున్నవాడే యజమానియనియు, నష్టపరిహార బాధ్యత అతనిదే యనియు సుప్రీముకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. ఎన్నడో అమ్మిన ట్రాక్టరు మూలమున ఉన్న పొలము పోగొట్టుకొను దుర్గతి ఎవరికిని రాకూడదు. కావున కాగితము మారువరకు బేరము ముగియలేదనియే అమ్మినవాడును, కొన్నవాడును భావింపవలెను.

దొంగసొత్తు విషయమునను ఇట్టి జాగ్రత్తయే కావలెను. దొంగసొత్తని తెలిసియు, లేక అట్లు నమ్మదగిన కారణముండియు పుచ్చుకొనుట భారతీయ న్యాయసంహిత 317వ విభాగము క్రింద నేరము. ధర మరీ చౌకయై, అమ్మువాడు ఊరు పేరు చెప్పక తత్తరపడుచున్నచో, ఆ చౌకయే హెచ్చరిక. వాడిన సెల్‌ఫోనును కొనువారు దాని 15 అంకెల గుర్తింపుసంఖ్యను 2023లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన సంచార్ సాథీ ద్వారా పరీక్షించుకొనవచ్చును. ఎట్టి వస్తువునకైనను, అమ్మినవాని పేరు, తేది, వెల, ఎరిగిన లోపములు వ్రాసిన చిన్న రసీదు ఉభయులకును మేలు.

అందరును పాతవియే కొన్నచో పనివాండ్రగతి యేమని మరియొక ప్రశ్న గలదు. ఇది త్రోసివేయదగినది కాదు. మన ఉదయగిరిలో చెట్టుకొయ్యతో చెంచాలు, గరిటెలు చెక్కు శిల్పులున్నారు. వారి పనికి భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. మా యభిప్రాయమేమనగా, యంత్రశాలలలో లక్షలుగ తయారైన వస్తువును వీలయినంతవరకు పాతది కొనుడు; పొరుగువాడు చేతితో చేసిన వస్తువును క్రొత్తది కొనుడు. మొదటిదానిపై మిగిలిన రూపాయలో కొంత రెండవదానిపై వెచ్చించినను ఊరి ధనము ఊరిలో నిలుచును. అంతియ కాదు, పాతవస్తువు చేయి మారిన ప్రతిసారియు వడ్రంగికి, కమ్మరికి, మరమ్మతు చేయువానికి కొంత పని దొరకును. ఎక్కడనో తయారైన క్రొత్తవస్తువు అట్టి పనిని మన వీధిలో కల్పింపదు.

చేయవలసిన పని పెద్దది కాదు. వారపు సంతలో పశువులకును, కూరగాయలకును చోటున్నట్లే పాతసామానులకును కొంత చోటు కేటాయించుట పంచాయతీలకు కష్టము కాదు. వేసవి సెలవుల చివర, శాఖాగ్రంథాలయముల యావరణమున ఇంటర్మీడియేటు పుస్తకములను, ఉద్యోగపరీక్షల పుస్తకములను చేతులు మార్చుకొను ఏర్పాటు చేసినచో, బిడ్డలను ప్రైవేటు కళాశాలలలో చదివించు తల్లిదండ్రులకు కొంత బరువు తగ్గును. అన్నిటికంటె ముఖ్యము, ఊరి పెద్దలు ముందుగ నడచుట. పేదవాడు పాతవస్తువు కొన్న, గతిలేక కొన్నాడందురు. పదియెకరముల ఆసామి కొన్న, తెలివిగ కొన్నాడందురు. కావున ఈ సిగ్గును తొలగించు భారము కలిగినవారిపైననే యున్నది.

మూలగదిలోని బల్లను తూకమునకు వేయుటకు ముందు, ఎదురింటి బిడ్డ నేలపై కూర్చుండి చదువుకొనుచున్నదేమో ఒకమారు చూడుడు. న్యాయమైన వెల చెప్పి, ఉన్న లోపమును దాచక తెలిపి, ఇచ్చివేయుడు. కొనువారును తలయెత్తి కొనుడు. పాతమంచముపై అప్పులేక నిద్రించువాడు, వాయిదాల మంచముపై మేల్కొనియుండువానికంటె భాగ్యవంతుడు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములందలి గృహస్థులు ఈ సంగతిని రాబోవు పెండ్లిండ్ల నాటికే మనసున నుంచుకొందురని మేము ఆశించుచున్నాము.