బరకం కప్పితే భద్రమా?

ట్రైలరంటే ట్రాక్టరు వెనక చెరుకు మోసే బండి అనుకునేరు! నేను చెప్పేది అమెరికాలో కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇంటి గురించి. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్జు, కుళాయి, చివరికి స్నానాలగది కూడా అందులోనే. మాలాగా ఇడ్లీపాత్ర లేనిదే గడప దాటని వాళ్ళకి అది వరమే. వేసవంతా ఏ సరస్సు ఒడ్డునో నిలుపుకుని హాయిగా చారు కాచుకోవచ్చు.

చిక్కంతా చలికాలంతోనే. మేముండే మిన్నెసోటాలో జనవరి వచ్చిందంటే సున్నాకి 20 డిగ్రీలు కిందికి దిగే రాత్రులు మామూలే. అంత పెద్ద వస్తువు మామూలు ఇళ్ళ గరాజుల్లో పట్టదు. పెరట్లోనో, అద్దె స్థలంలోనో అయిదారు నెలలు మంచులో పడి ఉండాల్సిందే.

అందుకు మగమహారాజులు కనిపెట్టిన ఉపాయం నీలం రంగు ప్లాస్టిక్ బరకం. అక్టోబరులో ఓ ఆదివారం దాన్ని పైన కప్పి, నాలుగు తాళ్ళు బిగించి, చేతులు దులుపుకుని లోపలికొచ్చి కాఫీ అడుగుతారు. "కప్పేశాంగా, ఇంకేమవుతుంది?" అని మా ఆయన ధీమా. నా పోట్లాటంతా ఆ ధీమాతోనే!

మా అమ్మమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టేది. పల్చటి ఉతికిన గుడ్డ. దుమ్ము పడకూడదు, గాలి మాత్రం ఆడాలి. కళ్ళంలో ధాన్యం మీద బరకం కప్పిన రైతు కూడా, వాన వెలిసి ఎండ రాగానే పరుగున వెళ్ళి దాన్ని తీసేస్తాడు. తియ్యకపోతే లోపల ఉక్కపోసి గింజ మొలకెత్తుతుంది. ఈ సంగతి అక్షరం ముక్క రాని ఆవిడకి తెలుసు, పంచె ఎగ్గట్టిన రైతుకి తెలుసు. ఇంజనీరింగు చదివి ఇంతదూరం వచ్చిన వాళ్ళకి తెలియకపోవడమే చోద్యం.

ట్రైలరు పరుపుల్లో, కర్టెన్లలో, చెక్కల్లో తేమ ఉంటుంది. పగలు కాస్త వెచ్చబడి రాత్రి చల్లబడినప్పుడల్లా ఆ తేమ బరకం లోపలివైపు చెమటలా పడుతుంది. బయటికి పోయే దారి లేదు. ఇక గాలి వీచిందంటే బరకం టపటపా కొట్టుకుంటూ, తాళ్ళు కట్టే రింగులతో సహా ట్రైలరు రంగుని గీకుతూనే ఉంటుంది. ఏప్రిల్లో తలుపు తీస్తే గుప్పుమని ముక్క వాసన. అప్పుడు గుడ్డపీలిక, వెనిగరు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని బూజు తుడిచేదెవరు? బరకం కప్పిన పెద్దమనిషి మాత్రం కాదు!

అయినా పైనుంచి పడే మంచు కన్నా లోపల మిగిలిపోయిన నీళ్ళే ఎక్కువ ప్రమాదం. నీళ్ళు గడ్డకడితే నూటికి 9 పాళ్ళు పెరుగుతాయి. నిండుగా పోసిన గాజుసీసా ఫ్రీజర్లో పగలడం చూడని ఇల్లాలు ఉందా? గొట్టం గతీ అంతే. కనక ట్యాంకులన్నీ ఖాళీ చెయ్యాలి. వేడినీళ్ళ ట్యాంకులోనే 6 గ్యాలన్లు, అంటే దాదాపు 23 లీటర్లు, ఉండిపోతాయి. పూర్తిగా చల్లారాకే దాని బిరడా తియ్యాలి సుమా, లేకపోతే మొహం కాలుతుంది. ఆ తర్వాత వేడినీళ్ళ ట్యాంకుని తప్పించి, మిగతా గొట్టాల్లోకి గడ్డకట్టని మందు ఎక్కించాలి. మామూలు ట్రైలరుకి 2, 3 గ్యాలన్లు సరిపోతుంది. సింకు కింద వంపు గొట్టంలోనూ ఓ గ్లాసుడు పొయ్యాలి.

ఇక్కడే నాకు ఒళ్ళు మండిన మాట ఒకటి చెప్పాలి. మా ఇంట్లో టీ తాగుతూ ఒకాయన, "కారు రేడియేటర్లో పోసేది పోసెయ్యండమ్మా, రెండూ ఒకటే. వేసవిలో కడిగేస్తే పోతుంది" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! కారు మందు సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్, పచ్చి విషం. పైగా తియ్యగా ఉంటుంది, పిల్లలూ కుక్కలూ ఇష్టంగా నాకేస్తారు. ట్రైలరు గొట్టాలకి పొయ్యాల్సింది ప్రొపిలీన్ గ్లైకాల్ మందు. అది గులాబీ రంగులో ఉంటుంది కానీ, రంగుని నమ్మకండి. కారు మందుల్లోనూ ఇప్పుడు గులాబీ, నారింజ రంగులొస్తున్నాయి. డబ్బా మీద అక్షరాలు చదవాలి. నేను బియ్యం కడిగే కుళాయిలోకి ఏం పోస్తున్నారో చూసే హక్కు నాకు లేదా? "అది మెషినరీ వ్యవహారం, నీకు తెలీదు" అంటే ఊరుకోమంటారా?

లోపలి పని ఎలాగూ మనదే. పోపులడబ్బా, మరమరాలు, ఆఖరికి సబ్బుబిళ్ళ కూడా ఇంట్లోకి చేర్చాలి. చిటికెనవేలు పట్టే సందు ఉంటే చాలు, చిట్టెలుక దూరిపోయి పరుపు చీల్చి కాపురం పెడుతుంది. గొట్టాలు పోయే కన్నాల్లో గిన్నెలు తోమే స్టీలుపీచు కుక్కితే కొరకలేదు. ఫ్రిజ్జు తుడిచి, తలుపుకి తువ్వాలు అడ్డం పెట్టి తెరిచే ఉంచాలి. బ్యాటరీ ఇంట్లోకి తెచ్చుకోవడం మేలు. చార్జి అయిపోయిన మామూలు బ్యాటరీ సున్నాకి 7 డిగ్రీలు కిందికే గడ్డకట్టవచ్చు. నిండా చార్జి ఉన్నది 50 కిందికైనా తట్టుకుంటుంది.

"మరి పైకప్పు కారితే?" అంటారా? కారే కప్పుని బరకం బాగుచెయ్యదు. కిటికీల అంచుల్లో, పైన గాలిగూళ్ళ చుట్టూ పూసిన సీలెంటు ఎక్కడ పగిలిందో మంచు పడకముందే చూసి, మళ్ళీ పూయించుకోవాలి. చెట్ల కింద నిలిపితే కప్పు అవసరమే, కాదనను. అందుకు గాలి ఆడే గుడ్డతో కుట్టిన తొడుగులు అమ్ముతారు. బరకం కన్నా ఖరీదే, కానీ పాడైన పరుపులు, గోడ పలకల ఖరీదు ముందు అదెంత?

ఈ అక్టోబరు నుంచి ట్రైలరు తాళంచెవి నా దగ్గరే ఉంటుందని మా ఆయనకి చెప్పేశాను. సీలెంటు చూసే పని మాత్రం ఆయనకే వదిలేశాను. నిచ్చెన ఎక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి.